కొండవారి భంగు పెరడు - మనము నేర్వదగిన మట్టి మర్మము

“తులసి వనములో గంజాయి మొక్క” అను సామెత మనలో ఎరుగనివారు లేరు. మంచివారి నడుమ చెడ్డవాడు ఒకడు చేరినప్పుడు ఈ మాట వాడుదుము. మన ప్రాంతమున ఆ మొక్కకు గల పేరు ఎట్టిదో ఈ సామెతయే చెప్పుచున్నది. కాని ఉత్తరాఖండ్ రాష్ట్రమునందలి గఢ్వాల్, కుమావూ కొండలలో ఆ మొక్కనే రైతులు తరతరములుగా ఇంటి వెనుక పెంచుచు వచ్చిరి. గింజ తినుటకు, నార త్రాళ్ళకు, కట్టె పొయ్యిలోనికి ఉపయోగపడెను. దానిని వారు భంగు అందురు.

ఇటీవల మన గ్రామములలో ఒక ప్రశ్న వినబడుచున్నది. “ఉత్తరాదిని లైసెన్సులు ఇచ్చుచున్నారట, విదేశములలో ఇంటింట పెంచుకొనుచున్నారట. మన పెరటిలో, మన పేడ ఎరువుతో, ఏ మందులు వేయక రెండు మొక్కలు పెంచుకొన్న తప్పేమి?” అని అడుగువారు ఉన్నారు. ప్రశ్న సూటిగా ఉన్నది గనుక సమాధానము కూడ సూటిగా చెప్పవలెను. ఆ మొక్క మన పెరటికి తగదు. చట్టము దానిని ఒప్పదు, పట్టుబడిన కుటుంబము కోలుకొనుట కష్టము. అయితే ఆ కొండ రైతులు పెరటి మట్టిని కాపాడుకొను తీరు మాత్రము మనము తప్పక తెచ్చుకొనవలసినది. ఈ రెండు సంగతులను వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

కొండ పెరటిలో భంగు

గఢ్వాల్ ప్రాంతమున ఇంటిని ఆనుకొనియున్న కూరగాయల మడిని సగ్వాడా అందురు. పశువుల కొట్టము దాని ప్రక్కనే ఉండును. కొట్టములోని పెంట, పొయ్యిలోని బూడిద, ఇల్లు ఊడ్చిన చెత్త మొదట చేరునది ఆ మడికే. భంగు మొక్కకు సారమైన నేల, ముఖ్యముగా నత్రజని, చాల కావలెను. పశువులను కట్టిన చోట, పెంట వేసిన చోట అది తనంతట తానే మొలచుచుండును. ఈ గుణమును కనిపెట్టిన కొండ రైతు దానిని పొలము నడుమకు తీసికొనిపోలేదు. ఎరువు మిగులుగా చేరు ఇంటి ప్రక్క మడికి, పొలము గట్టు అంచుకు పరిమితము చేసినాడు. తిండిపోతు పైరును తిండి మిగులు చోటనే ఉంచిన, మిగిలిన పొలము సారము చెడదు. ఇది మొదటి పాఠము.

తొలకరికి విత్తనము చల్లి, చలికాలము ప్రారంభమున కోయుదురు. నార కావలెనన్న ఒత్తుగా చల్లుదురు. అప్పుడు మొక్కలు కొమ్మలు వేయక నిటారుగా మనిషిని మించి పెరుగును, నార పొడవుగా వచ్చును. గింజ కావలెనన్న పలుచగా ఉంచుదురు. ఈ జాతిలో మగ మొక్కలు వేరు, ఆడ మొక్కలు వేరు. మగ మొక్క పుప్పొడి రాల్చి ముందుగా ఎండిపోవును. దాని నార సన్నగా ఉండును. ఆడ మొక్క గింజ ముదురువరకు నిలిచి, పిమ్మట ముతక నార ఇచ్చును. ఒకే మడిలో రెండు విడతల నార, ఒక విడత గింజ చేతికి వచ్చునన్నమాట.

గింజలో మత్తు లేదు. అందులో నూటికి సుమారు 30 పాళ్ళు నూనె, 25 పాళ్ళు మాంసకృత్తులు ఉన్నవి. వేయించి, ఉప్పు, మిరపకాయ, జీలకర్ర, నిమ్మరసము చేర్చి నూరిన భంగు గింజల పచ్చడి కుమావూ భోజనములో ప్రసిద్ధమైనది. మనము నువ్వుల పొడిని వాడునట్లు వారు ఆ గింజను కూరలలో కూడ వాడుదురు. నారతో త్రాళ్ళు పేనుదురు; ముతక గుడ్డ, గోనె సంచులు నేసిరి.

పన్నెండు ధాన్యముల పొలము

ఆ కొండలలో ఇంకొక పద్ధతి ఉన్నది. దానిని బారానాజా అందురు, అనగా పన్నెండు ధాన్యములు. వానకు ఆధారపడిన మెట్ట చెక్కలలో రాగి ముఖ్యపైరు. రాగితో కలిపి తోటకూర గింజలు, రాజ్‌మా, ఉలవలు, మినుము, బొబ్బర్లు, నల్ల సోయా, నువ్వులు మొదలగువానిని విత్తుదురు. పేరు పన్నెండు అయినను గ్రామమును బట్టి ఇరువది వరకు కూడ ఉండవచ్చును. భంగు, జనుము కూడ కొన్నిచోట్ల ఈ జాబితాలో చేరినవే. మన చేలలో కలుపుగా పీకివేయు కుక్కవామింటను వారు జఖియా అని పిలిచి, దాని గింజలను తాలింపునకు ఏరి దాచుకొందురు.

ఇది చేతికి వచ్చిన గింజ చల్లుట కాదు. రాగి వేరు పై మట్టిలో గుబురుగా అల్లుకొని మన్ను కొట్టుకొనిపోకుండ పట్టుకొనును. అపరాల వేరు లోతుకు పోవును, దాని బుడిపెలు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును. నిటారుగా పెరుగు తోటకూర కాడ చిక్కుడు జాతి తీగలకు ఊతకర్ర అగును. వాన ఎక్కువైన ఏడు ఒకటి పోయినను, వాన తక్కువైన ఏడు మరొకటి పోయినను, మిగిలినవి ఇల్లు గడుపును. పంట కోత కూడ ఒకేసారి కాక విడతలు విడతలుగా వచ్చుటచే ఇంటివారి చేతులే పనికి చాలును.

పొలమునకు విశ్రాంతి కూడ వారి లెక్కలో ఉన్నది. ఊరి మెట్ట భూమిని రెండు భాగములు చేసికొని, ఒక భాగమున బారానాజా కోసిన పిమ్మట ఆ శీతకాలము బీడు విడుతురు. రెండేండ్లలో మూడు పైరులే తీయుదురు. నాల్గవది కూడ తీయవచ్చునుగదా అని ఆశపడరు. ఒక్క రకము సోయా వేయుడని 1980లలో ప్రచారము సాగినప్పుడు, టెహ్రీ గఢ్వాల్ జిల్లా రైతులు బీజ్ బచావో ఆందోళన్ అను పేరున పాత విత్తనములను సేకరించి నిలిపిరి. మన జహీరాబాదు ప్రాంతమున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యమున మహిళా రైతులు పాత పంటల జాతర జరుపుచు, బండ్లపై విత్తనములు ఊరూర చూపునది ఇటువంటి పనియే.

ఎరువు ఎక్కడినుండి వచ్చుచున్నది

కొండ రైతు సంచి ఎరువు కొని పెరటిలో వేయలేదు. అడవిలోని బాంజ్ చెట్టు రాలుటాకును గంపలతో తెచ్చి పశువుల క్రింద పరచును. పశువు ఆ ఆకుపై పడుకొనును, పేడ వేయును, మూత్రము పోయును, కాళ్ళతో త్రొక్కును. కొన్ని దినములకు ఆ పరుపును తీసి పెంటపోగున వేసి, క్రొత్త ఆకు పరచును. మాగిన పిమ్మట అది పెరటికిని, మళ్ళకును పోవును.

ఇందులోని లాభమును గమనింపుడు. పశువు విసర్జించు నత్రజనిలో సగమువరకు మూత్రములోనే ఉండును. మన కొట్టములలో పేడ ఎత్తుదుము. మూత్రమును మాత్రము నేలలోనికి, కాలువలోనికి పోనిత్తుము. పేడ కూడ కుప్పగా ఎండలో పడియుండి సారము కోల్పోవుచున్నది. ఎండు ఆకు, వరిగడ్డి తుక్కు, వేరుశనగ పొట్టు, రంపపు పొట్టు, ఏది అందిన అది పశువు క్రింద పరచిన మూత్రమంతయు అందులో ఇంకును. ఖర్చు లేని ఎరువు రెట్టింపు సారముతో చేతికి వచ్చును. ఈ ఒక్క అలవాటును ఈ వ్యాసము చదివినవారు తమ కొట్టమున ప్రారంభించినచో కొండవారినుండి నేర్చిన విద్య మనకు ఫలించినట్లే.

విదేశముల మాట

కొన్ని దేశములు ఇటీవల ఇంటి పెంపకమునకు అనుమతి ఇచ్చినవి. ఉరుగ్వే 2013 నాటి చట్టమున ఆరు మొక్కలవరకు, కెనడా 2018 అక్టోబరునుండి ఇంటికి నాలుగు మొక్కలవరకు, జర్మనీ 2024 ఏప్రిల్ నుండి వయోజనులకు మూడు మొక్కలవరకు ఒప్పినవి. కెనడాలో కూడ అన్ని రాష్ట్రములు ఒకేవిధముగా అనుమతింపలేదు. అక్కడి పెంపకమున చాల భాగము నాలుగు గోడల నడుమ, కరెంటు దీపముల క్రింద, సీసా మందులతో సాగును; దానికి కరెంటు విపరీతముగా ఖర్చగును. దానికి విసిగి కొందరు తోటమాలులు కంపోస్టు, ఆకు పరుపు, వానపాములు, దున్నని మడి అను పాత పద్ధతులవైపు మరలిరి. మన అవ్వలు పెరటిలో చేసిన పనినే వారు క్రొత్తగా నేర్చుకొనుచున్నారు.

ఆ దేశములలో మన పిల్లలు చాలమంది చదువుచున్నారు, ఉద్యోగములు చేయుచున్నారు. వారి తలిదండ్రులు ఒక మాట చెప్పి ఉంచుట మంచిది. అమెరికాలో కొన్ని రాష్ట్రములు ఒప్పినను, కేంద్ర చట్టము ప్రకారము ఇంటి పెంపకము నేరమే. వీసాపై ఉన్నవారు, పౌరసత్వము రానివారు ఇందులో చిక్కుకొనిన తిరిగి ఆ దేశమున అడుగుపెట్టు అవకాశమునే పోగొట్టుకొనవచ్చును.

మన చట్టము చెప్పునది

మన దేశమున ఈ విషయమునకు 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము వర్తించును. ఎన్.డి.పి.ఎస్. చట్టమని పిలుచునది ఇదియే. రైతులు, గ్రామోద్యోగులు తెలిసికొనవలసిన ముఖ్యాంశములు ఇవి:

1. అనుమతి లేక గంజాయి మొక్కను పెంచుట 20వ సెక్షను క్రింద నేరము. 10 సంవత్సరములవరకు కఠిన కారాగారము, లక్ష రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. పెరడు, పొలము, పూలకుండీ అను భేదము లేదు. “రెండు మొక్కలే” అనుట సమాధానము కాదు.

2. “మేము ఆకు మాత్రమే కోయుదుము” అని కొందరందురు. చట్టములోని గంజాయి అను మాటకు అర్థము పూత, కాయ గల కొనలే. వట్టి ఆకు, వట్టి గింజ ఆ నిర్వచనమున రావు. కాని మొక్కను పెంచుట అను నేరమునకు ఈ భేదముతో పనిలేదు.

3. పూత కొనలు పట్టుబడినప్పుడు తూకమును బట్టి శిక్ష పెరుగును. ఒక కిలోవరకు తక్కువ పరిమాణము. 20 కిలోలు మించిన వ్యాపార పరిమాణము. దానికి 10 సంవత్సరములకు తగ్గని, 20 సంవత్సరములవరకు శిక్ష ఉన్నది.

4. 46వ సెక్షను ప్రకారము, తన భూమిలో ఈ మొక్క అక్రమముగా పెరుగుచున్నదని ఎరిగిన భూమి గలవాడు వెంటనే పోలీసులకు గాని, సంబంధిత శాఖవారికి గాని తెలుపవలెను. తెలిసియు చెప్పకుండుట శిక్షార్హము. కౌలుకు ఇచ్చిన భూమి విషయమున దీనిని మరువరాదు.

5. 47వ సెక్షను గ్రామోద్యోగులకు సంబంధించినది. ప్రతి ప్రభుత్వోద్యోగి, సర్పంచి, పంచాయతీ సభ్యుడు, ఏ పేరు గల గ్రామాధికారియైనను, అక్రమ సాగు తన దృష్టికి వచ్చినచో వెంటనే సమాచారమీయవలెను. ఇందుకు అశ్రద్ధ చూపినవారికి కూడ శిక్ష ఉన్నది.

ఇక ఉత్తరాఖండ్ సంగతి. నార, గింజ కొరకు పెంచుటకు అనుమతించు అధికారమును ఇదే చట్టములోని 14వ సెక్షను ప్రభుత్వమునకు ఇచ్చుచున్నది. దానిని బట్టి ఆ రాష్ట్రము, మత్తు పదార్థము 0.3 శాతమునకు మించని రకములను పండించుటకు 2018లో లైసెన్సు ఇచ్చుట మొదలుపెట్టినది. ఆ గింజను, గింజల నూనెను ఆహారముగా అమ్ముటకు ఆహార భద్రతా సంస్థ 2021లో ప్రమాణములు నిర్ణయించినది. అక్కడ కూడ లైసెన్సు లేని సాగు, మొక్కనుండి చరస్ తీయుట నేరములే. మన తెలుగు రాష్ట్రములలో పెరటి పెంపకమునకు అట్టి అనుమతి ఏదియు లేదు. ఉన్నదని చెప్పి విత్తనము అమ్మువాని మాట నమ్మరాదు.

మన్యము చెప్పిన పాఠము

ఇది కాగితము మీది భయము కాదు. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు మన్యములో బయటి వ్యాపారులు గిరిజన రైతులకు విత్తనము, బయానా ఇచ్చి, లోపలి కొండవాలులలో గంజాయి వేయించిరి. 2021 చివర ఆపరేషన్ పరివర్తన అను పేరున ప్రభుత్వము వేలాది ఎకరముల పైరును నరికించి కాల్పించినది. పైరు కాలిన నాడు బయానా ఇచ్చినవాడు ఊరిలో కనబడడు. కేసు పడునది సాగు చేసినవానిపై, మూట మోసిన కుర్రవానిపై. బెయిలు సులభముగా దొరకదు. కోర్టు ఖర్చులకు పశువులు పోవును, పిల్లల చదువు ఆగును. అడవి నరికిన వాలుమీది మన్ను తరువాతి వానకు వాగులో చేరును.

అదే మన్యములో సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లపై మిరియపు తీగ, క్రింద పసుపు, చెక్కలలో రాజ్‌మా వేసి స్థిరముగా జీవించు కుటుంబములు ఉన్నవి. నీడ తోట మన్నును పట్టియుంచును. రాబడి ఒక్కసారిగా రాకపోయినను, రాత్రి తలుపు తట్టినప్పుడు ఉలికిపడి లేవవలసిన పని ఉండదు.

పొరబడకుండ గుర్తించుట

గ్రామోద్యోగులకు ఇంకొక జాగ్రత్త చెప్పవలెను. గోగు ఆకును చూచి గంజాయి అని భ్రమపడుటకు వీలున్నది. గోగు శాస్త్రీయ నామమున ఉన్న కన్నాబినస్ అను మాటకే గంజాయి వంటిది అని అర్థము. ఆకు పోలికను బట్టి ఆ పేరు వచ్చినది. భేదములు ఇట్లుండును:

గంజాయిలో ఒక కాడకు 5 నుండి 9 వరకు విడివిడి రేకులు చేతి వ్రేళ్ళవలె ఉండును, ప్రతి రేకు అంచున రంపపు పండ్లుండును. గోగులో ఒకే ఆకు లోతుగా చీలియుండును, చీలికలు మొదట కలిసియుండును. గోగు కాండముపై చిన్న ముండ్లు తగులును, ఆకు నమలిన పుల్లగా ఉండును. గోగు పూవు పెద్దది, లేత పసుపు, నడుమ ముదురు ఎరుపు. గంజాయి పూత చిన్నదై, ఆకుపచ్చని గుత్తులుగా, జిగురుగా, ఘాటైన వాసనతో ఉండును. సందేహమున్నచో వ్యవసాయాధికారికి చూపి నిశ్చయించుకొనుడు.

మన పెరటి నార మొక్కలు

“పెరటి చెట్టు మందుకు రాదు” అందురు. దూరపు కొండల భంగును ఆశించువారు, అది ఇచ్చు నారను, పచ్చడిని, నేల బలమును మన రెండు మొక్కలు పంచుకొని ఇచ్చుచున్న సంగతి మరచుచున్నారు. అవి గోగు, జనుము.

గోగు లేత ఆకు గోంగూర, తెలంగాణమున పుంటికూర. ముదిరిన కాండము నార. భీమునిపట్నము రేవునుండి ఎగుమతి అగుటచే ఈ నారకు బిమ్లీ జనుము అని అంతర్జాతీయ వర్తకమున పేరు వచ్చినది. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల మెట్టలలో ఇది పేరుపొందిన పైరు. ప్లాస్టిక్ సంచులు వచ్చి, నానబెట్టుటకు నీరు కరవై, సాగు చాల తగ్గినది. ఆమదాలవలస పరిశోధన స్థానమున ఈ పైరుపై కృషి జరుగుచున్నది, ఎ.ఎమ్.వి. అను రకములు అక్కడివే.

జనుము నేలకు మిత్రుడు. దాని వేరు బుడిపెలు నత్రజనిని కూర్చును. ఒత్తుగా పెరిగి కలుపును అణచును. వేరుబుడిపె పురుగు అను నులిపురుగును తగ్గించును. ఎకరమునకు 5 నుండి 7 టన్నుల పచ్చిరొట్ట ఇచ్చును. నారకు విడిచిన, పగ్గములకు, పలుపులకు కావలసిన గట్టి నార వచ్చును. గింజను పశువుల దాణాలో కలుపరాదు, అది వానికి హాని చేయును.

ఐదు సెంట్ల పెరడు

ఇల్లు కాక ఐదు సెంట్ల పెరడున్నవారు ఈ క్రింది విధముగా చేయవచ్చును. ఒక సెంటు ఎరువు గుంట, దారి, చెట్లకు విడువుడు. మునగ, కరివేపాకు అంచున, అరటి స్నానపు నీరు పారు చోట నాటుడు. మిగిలిన నాలుగు సెంట్లను నాలుగు మళ్ళుగా చేయుడు.

మొదటి మడి: తొలకరికి జనుము 120 నుండి 150 గ్రాములు చల్లుడు. 45 దినములకు, పూత వచ్చు సమయమున, కోసి మట్టిలో కలిపి తడి ఉంచుడు. 10, 15 దినములు మాగిన పిమ్మట వంగ, టమాట, మిరప నారు నాటుడు.

రెండవ మడి: గోగును అడుగు ఎడము సాళ్ళలో విత్తుడు. ఒత్తుగా మొలచినవానిని పీకుచు కూర వండుకొనుడు; చివరకు సాలులో మొక్కకు మొక్కకు నాలుగు అంగుళములు ఉండునట్లు మిగుల్చుడు. సాళ్ళ నడుమ అక్కడక్కడ బొబ్బర్లు వేయుడు. సగము మొక్కలు పూసినప్పుడు నారకు కోయుడు. విత్తనమునకు పది బలమైన మొక్కలు విడువుడు.

మూడవ మడి: పందిరిపై బీర, సొర, కాకర. పందిరి నీడన అల్లము, పసుపు.

నాల్గవ మడి: తోటకూర, బచ్చలి, మెంతి, కొత్తిమీర, అంచున రాగి, నువ్వులు ఒక్కొక్క సాలు.

ప్రతి ఏడు మళ్ళను ఒక మెట్టు మార్చుడు. గోగు, వంగ, టమాట, బెండ వీనికన్నిటికి వేరుబుడిపె నులిపురుగు పట్టును గనుక ఒకదాని తరువాత ఒకటి ఒకే మడిలో వేయరాదు. గోగు, బెండ ఒకే కుటుంబమునకు చెందినవి. పిండినల్లి రెంటికిని వచ్చును. ఎప్పుడైన ఒక మడికి ఒక కారు విశ్రాంతి ఇచ్చి, ఆకులు కప్పి ఉంచుడు. కొండ రైతు విడుచు బీడుకు ఇది సాటి.

ఎరువు గుంట 10 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు చాలును. పశువు క్రింది పరుపు, వంటింటి తుక్కు, కలుపు మొక్కలు అరడుగు మందమున పరచి, పేడ నీరు చల్లుచు పొరలు పేర్చుడు. నేలకు అడుగున్నర ఎత్తు వచ్చిన పిమ్మట మట్టితో మెత్తుడు. నాలుగు మాసములకు ఎరువు మాగును. గింజ కట్టిన కలుపును వేయరాదు. వేప, కానుగ, జిల్లేడు ఆకులు దొరకినంత చేర్చుడు. మడికి, అనగా సెంటుకు, 80 నుండి 100 కిలోల మాగిన ఎరువు ఏటికొకసారి వేసిన కూరగాయలకు చాలును.

నారను త్రాగునీటి చెరువులో నానబెట్టరాదు. కుళ్ళునప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించి చేపలు చచ్చును. విడి గుంటలోగాని, సిమెంటు తొట్టిలోగాని కట్టలు మునుగునట్లు బరువు పెట్టుడు. జనుము వారము లోపల, గోగు రెండు వారములకు అటు ఇటుగా నానును. బెరడు వ్రేలితో లాగిన సులభముగా ఊడివచ్చునప్పుడు తీసి కడుగుడు. మిగిలిన నీరు పారబోయక పెరటి చెట్లకు పోయుడు. రాల్చిన ఆకు మడిలోనికి, నార తీసిన కట్టె పందిరికి, పొయ్యికి. పెరటినుండి వచ్చినదానిలో మనము తిన్నది, పేనినది తప్ప తక్కినదంతయు పెరటికే చేరవలెను.

గ్రామమున చేయదగిన పని

గ్రామోద్యోగులు ఈ విషయమును కేవలము కేసుగా చూడక, విత్తుకాలమునకు ముందే మాట్లాడవలెను. వేసవి చివర గ్రామసభ జరుగునప్పుడు 46, 47 సెక్షనుల సారాంశమును చదివి వినిపింపుడు. కౌలు ఇచ్చు రైతులు వానకాలమున ఒకటి రెండుసార్లు తమ పొలము తామే చూచుకొనవలెనని చెప్పుడు. కంది సాళ్ళ నడుమ, మొక్కజొన్న చాటున దాచి పెంచుట సాధారణముగా జరుగుచున్నది. తెలియక మొలచిన మొక్క కనబడిన, దాచక, తామే కాల్చివేయక, వెంటనే తెలుపుటయే భూమి గలవానికి రక్షణ. అదే సభలో జనుము విత్తనము ఎంత కావలెనో పేర్లు వ్రాసుకొని, వ్యవసాయశాఖ ద్వారా తెప్పించి తొలకరికి ముందే పంచినచో, వలదు అని చెప్పిన నోటితోనే ఇది వేయుడు అని చెప్పినట్లగును.

రైతు సోదరులారా, ఈ వేసవిలోనే పశువు క్రింద ఆకు పరచుడు, గుంట త్రవ్వుడు. తొలి వానకు జనుము గింజ, గోగు గింజ చేతిలో ఉండునట్లు చూచుకొనుడు. ఒక ఏడు ఇట్లు చేసి మడి మట్టిని పిడికిట పట్టి చూడుడు. నల్లబడి, గుల్లబడి, వానపాము కనబడినచో మీ పెరడు సరియైన దారిలో ఉన్నదని తెలిసికొనుడు.